కౌంట్ స్టార్ కొట్టే ముందు ఒక్క మాట

మా బృందంలో డేటాబేసులతో తల నెరిసిన పెద్దాయన ఒకరున్నారు. ఒక మధ్యాహ్నం నా కుర్చీ పక్క నుంచి వెళ్తూ, నిలబడకుండానే అడిగారు: “ఆ ఈవెంట్ల టేబుల్‌లో ఎన్ని వరుసలుంటాయి?” “చూసి చెబుతానండీ” అన్నాను. ఎవరైనా చేసేదే నేనూ చేశాను. సెలెక్ట్ కౌంట్ స్టార్ అని (ఉన్న వరుసలన్నీ లెక్కపెట్టమని అడిగే ఆదేశం) కొట్టి, టేబుల్ పేరు రాసి, ఎంటర్ నొక్కి వేరే పనిలో పడ్డాను. (‘రో’ అనే మాటకు బహువచనం రాస్తే వంటింటి రోలు కళ్లముందుకొస్తుంది కాబట్టి ఈ వ్యాసమంతా వరుస అనే అంటాను.)

గంటన్నర గడిచినా కర్సర్ అలాగే మినుకుమంటూ ఉంది. అంతలో పక్క బృందం నుంచి ఫోను వచ్చింది. నేపథ్యంలో నడిచే పనులన్నీ నత్తనడక నడుస్తున్నాయట, మీరేమైనా మార్చారా అని అడిగారు. నేనేమీ మార్చలేదు. లెక్కపెడుతున్నాను, అంతే. చదవడమే కదా, చదివితే ఎవరికి నష్టం అనుకున్నాను.

అది పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్. అందులో ఒక వరుసను మార్చినా, తీసేసినా దాని పాత రూపం వెంటనే పోదు. చచ్చిన వరుసగా అక్కడే పడి ఉంటుంది. ఇక దాన్ని చూడవలసిన వాళ్లెవరూ మిగల్లేదని తేలాకే వాక్యూమ్ అనే శుభ్రం చేసే పని వచ్చి ఊడుస్తుంది. నా క్వెరీ (డేటాబేస్‌ను నేనడిగిన ఆ ప్రశ్న) మాత్రం తాను మొదలైన క్షణంలో డేటాబేస్ ఎలా ఉందో ఆ దృశ్యాన్ని పట్టుకుని, ముగిసేదాకా వదలనని కూర్చుంది. దాంతో నేను తాకనైనా తాకని టేబుళ్లలో కూడా, ఆ క్షణం తర్వాత చచ్చిన వరుసలను వాక్యూమ్ కదపలేకపోయింది. పనుల క్యూ ఉండే టేబుల్ చిన్నదే. ఎప్పుడు చూసినా మూడు వందల వరుసలు మించవు. కానీ సెకనుకు వందలసార్లు మారుతుంది. గంటన్నరలో ఆ మూడు వందల వరుసల టేబుల్ రెండు గిగాబైట్లకు ఉబ్బిపోయింది. తర్వాతి పని ఏదో వెతుక్కుంటూ వచ్చిన ప్రతి వర్కరూ లక్షల శవాలను దాటుకుంటూ పోవలసి వచ్చింది.

క్వెరీని రద్దు చేశాను. కొద్ది నిమిషాల్లో క్యూ మళ్లీ కదిలింది. పెద్దాయన దగ్గరికి వెళ్లి జరిగింది చెబితే ఆయన విస్తుపోయారు. “కచ్చితమైన లెక్క ఎవరడిగారు నిన్ను? దాని మీద ఇంకో ఇండెక్స్ వేస్తే డిస్కులో పడుతుందా లేదా అని చూస్తున్నాను.”

ఇండెక్స్ అంటే వెతుకులాట వేగంగా జరగడానికి టేబుల్‌కు విడిగా కట్టుకునే సూచిక. అంటే ఆయనకు కావలసింది అసలు వరుసల సంఖ్య కాదు, సైజు. అదే టేబుల్ మీద, అదే రకం కాలమ్‌కు ఇప్పటికే ఉన్న ఇంకో ఇండెక్స్ ఎంత ఉందో చూస్తే ఇంచుమించు జవాబు దొరికేది. దానికి పట్టేది రెప్పపాటు.

అప్పటి నుంచి నాలో ఒక మొండి అభిప్రాయం పాతుకుపోయింది. ఎత్తు, బరువు ఉన్నట్టుగా పెద్ద టేబుల్‌కు ‘వరుసల సంఖ్య’ అనేదొకటి ఉండదు. ఫలానా సమయానికి, ఫలానా వారి చూపుకు, ఇంత ఖర్చు పెడితే ఇంత తేడాతో దొరికే కొలత మాత్రమే ఉంటుంది. ఎందుకని అడగకుండా కొలతకు దిగినవాడు తనకు అక్కరలేని కచ్చితత్వాన్ని పక్కవాళ్ల ఖర్చుతో కొంటున్నాడు. ఆ రోజు కొన్నది నేనే కాబట్టి ఈ మాట అనే హక్కు నాకుంది.

“ఇంత పెద్ద సాఫ్ట్‌వేర్‌కు తన దగ్గర ఎన్ని వరుసలున్నాయో తెలియదా?” అని కొత్తగా చేరినవాళ్లు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. నిజానికి ఒకప్పుడు తెలిసేది కూడా. మైఎస్‌క్యూఎల్ అనే ఇంకో డేటాబేస్‌లో డేటాను దాచే పాత ఇంజిన్ మైఐసామ్ వరుసల సంఖ్యను టేబుల్‌తో పాటే రాసి పెట్టుకునేది. షరతులేమీ లేకుండా మొత్తం ఎన్ని అని అడిగితే తడుముకోకుండా చెప్పేది. దానికది సాధ్యమైంది ఎందుకంటే అందులో లావాదేవీలే (కొన్ని మార్పులను ఒక కట్టగా, అన్నీ జరిగేలా లేదా ఏదీ జరగకుండా చేసే ఏర్పాటు) లేవు. మార్చాలంటే టేబుల్ మొత్తానికి తాళం వేసేది. 2010లో వచ్చిన 5.5 వెర్షన్‌తో లావాదేవీలున్న ఇన్నోడీబీ ఇంజిన్ డిఫాల్ట్ అయ్యాక ఆ సుఖం పోయింది.

ఎందుకు పోయిందో ఒక ఉదాహరణతో చూద్దాం. నేనొక లావాదేవీలో లక్ష వరుసలు చేర్చాను, ఇంకా కమిట్ చేయలేదు, అంటే ఖాయం చేయలేదు. మీరు పక్క సెషన్లో ఉన్నారు. ఈ క్షణంలో మనిద్దరం లెక్కపెడితే నా జవాబు మీ జవాబు కన్నా లక్ష ఎక్కువ వస్తుంది. రెండూ సరైనవే. ఇక డేటాబేస్ ఏ సంఖ్యను రాసి పెట్టుకోవాలి? పోనీ ఏదో ఒకటి రాసిపెడదామన్నా, ఎవరు ఏ వరుస చేర్చినా ఆ ఒక్క చోటికి వచ్చి అంకె మార్చి పోవాలి. వెయ్యి మంది ఒకేసారి రాస్తుంటే వెయ్యి మందీ ఒక్క గుమ్మం దగ్గర బారులు తీరతారు. ఎప్పుడో ఒకసారి అడిగే ప్రశ్న కోసం ప్రతి రాతనూ ఆలస్యం చేయడం వద్దనుకున్నారు కాబట్టే, అడిగినప్పుడే లెక్కపెట్టే పద్ధతి స్థిరపడింది. నాకైతే అది సరైన బేరమే అనిపిస్తుంది.

అడిగినప్పుడు లెక్కపెట్టడమంటే ఎంత పనో చూడండి. పోస్ట్‌గ్రెస్‌లో పేజీ 8 కిలోబైట్లు. రెండు టెరాబైట్ల టేబుల్ అంటే 26 కోట్ల 84 లక్షల పైచిలుకు పేజీలు. సెకనుకు 500 మెగాబైట్లు చదవగల డిస్కు మరే పనీ పెట్టుకోకుండా దీన్నొక్కదాన్నే చదివినా 70 నిమిషాలు పడుతుంది. రద్దీ ఉన్న వేళ ఇంకా ఎక్కువ. 2012లో వచ్చిన 9.2 నుంచి ఇండెక్స్‌ను మాత్రమే చదివి లెక్క తేల్చే దారి ఉంది. కానీ ఏ పేజీల్లోని వరుసలు అందరికీ కనబడేవో చెప్పే పటాన్ని వాక్యూమ్ తాజాగా ఉంచితేనే ఆ దారి తెరుచుకుంటుంది. లేకపోతే మళ్లీ టేబుల్ పేజీలు తిరగేయవలసిందే. 2016లో వచ్చిన 9.6 నుంచి పనిని నలుగురికి పంచి సమాంతరంగానూ లెక్కపెట్టించవచ్చు. నలుగురు లెక్కపెట్టినా లెక్కపెట్టవలసినవి అన్నీ లెక్కపెట్టాలి కదా.

కౌంట్ స్టార్ బదులు కౌంట్ వన్ అంటే వేగమనే నమ్మకం ఒకటి ఇంకా చలామణీలో ఉంది. ఇన్నోడీబీ రెండింటినీ ఒకేలా చూస్తుందని మైఎస్‌క్యూఎల్ మాన్యువల్ స్పష్టంగానే చెబుతుంది. కాలమ్ పేరు పెట్టి లెక్కపెడితే మాత్రం సంగతి వేరు. ఆ కాలమ్‌లో నల్ (విలువే లేకపోవడం) ఉన్న వరుసలు లెక్కలోకి రావు. ఆ తేడాను వేగం కోసం చేసే చిట్కా అనుకుని తప్పుడు సంఖ్యతో నివేదిక పంపినవాళ్లను చూశాను.

అంచనా దగ్గరికి వద్దాం. చాలామంది దాన్ని చులకనగా చూస్తారు, ఎలా పుడుతుందో తెలియక.

పోస్ట్‌గ్రెస్‌లో పీజీ_క్లాస్ అనే కేటలాగ్ ఉంటుంది, డేటాబేస్ తన టేబుళ్ల గురించి తానే రాసుకునే పట్టిక. అందులో ప్రతి టేబుల్‌కు రెల్‌టపుల్స్, రెల్‌పేజెస్ అనే రెండు అంకెలుంటాయి. చివరిసారి వాక్యూమో, గణాంకాలు సేకరించే ఎనలైజో నడిచినప్పుడు వరుసలెన్ని, పేజీలెన్ని అన్నది అక్కడ రాసి ఉంటుంది. డిఫాల్ట్ సెట్టింగులతో ఎనలైజ్ టేబుల్ ఎంత పెద్దదైనా 30,000 వరుసల నమూనాతోనే సరిపెట్టుకుంటుంది. అందుకే అది పెద్ద టేబుల్ మీద కూడా చప్పున ముగుస్తుంది. ఇక్కడ క్వెరీని ఏ దారిలో నడపాలో నిర్ణయించే క్వెరీ ప్లానర్ చేసే చిన్న తెలివైన పని నాకు ఎంతో ఇష్టం. రాసి పెట్టిన వరుసల సంఖ్యను అది గుడ్డిగా నమ్మదు. చివరిసారి 1,00,000 పేజీల్లో 40,00,000 వరుసలున్నాయంటే పేజీకి 40 అన్నమాట. ఇప్పుడు ఫైలు ఎంత ఉందో చూస్తుంది. అది చూడటానికి టేబుల్ చదవనక్కరలేదు. 1,25,000 పేజీలకు పెరిగి ఉంటే వరుసలు 50,00,000 ఉంటాయని అనుకుంటుంది. పాత సాంద్రతతో కొత్త సైజును గుణించింది, అంతే. మనమూ అదే క్వెరీ రాసుకోవచ్చు. నేనైతే రాసి భద్రపరచుకున్నాను. రోజూ పెరిగే టేబుళ్ల మీద ఇది నన్ను ఇబ్బంది పెట్టేంతగా ఎప్పుడూ తప్పలేదు.

తప్పే చోట్లు మాత్రం తెలిసి ఉండాలి. కొత్త టేబుల్‌కు ఒక్కసారైనా వాక్యూమో, ఎనలైజో నడవకపోతే 14వ వెర్షన్ నుంచి రెల్‌టపుల్స్ మైనస్ ఒకటి చూపిస్తుంది. అంతకుముందు సున్నా చూపించేది. ‘ఖాళీ’కి, ‘తెలియదు’కు తేడా లేని ఆ సున్నా చూసి డేటా అంతా పోయిందని కంగారుపడ్డ రోజు నాకూ ఒకటుంది. భారీగా డిలీట్ చేసిన వెంటనే చూసినా అంచనా దారి తప్పుతుంది, ఎందుకంటే వరుసలు పోయినా ఫైలు తగ్గదు. మరో మెలిక: ఈ రెండు పనులనూ తనంత తానే నడిపే ఆటోవాక్యూమ్ డిఫాల్ట్‌గా దాదాపు పది శాతం వరుసలు మారితే గాని ఎనలైజ్‌కు పూనుకోదు. పది లక్షల టేబుల్‌కు అది లక్ష మార్పులు. వంద కోట్ల టేబుల్‌కు పది కోట్ల మార్పులు జరిగేదాకా పాత గణాంకాలే. పెద్ద టేబుళ్లకు ఆ శాతాన్ని విడిగా తగ్గించడం మంచిది. బతికున్న వరుసలెన్నో చెప్పే ఎన్_లైవ్_టప్ అనే ఇంకో అంకె ఉంది కానీ, సర్వర్ అర్ధాంతరంగా కూలి లేస్తే అది చెరిగిపోతుంది. రెల్‌టపుల్స్ అలా చెరగదు.

మైఎస్‌క్యూఎల్ దగ్గర నా గొంతు కాస్త మారుతుంది. టేబుళ్ల వివరాలు చూపే ఇన్ఫర్మేషన్ స్కీమాలో టేబుల్_రోస్ అనే అంకె ఉంటుంది. ఇన్నోడీబీకి అది అసలు విలువ నుంచి 40 నుంచి 50 శాతం దాకా తేడాగా ఉండవచ్చని మాన్యువలే ఒప్పుకుంటుంది. డిఫాల్ట్‌గా ఒక్కో ఇండెక్స్‌కు 20 పేజీలు తిరగేసి చెప్పే అంకె నుంచి అంతకుమించి ఆశించడం అత్యాశే. లక్షల్లో ఉందా, కోట్లలో ఉందా అని తెలుసుకోవడానికి పనికొస్తుంది. నివేదికలో పెట్టడానికి పనికిరాదు.

దానికి తోడు 8.0లో ఇంకో ముడి. ఒక సహోద్యోగి రాత్రి పెద్ద దిగుమతి మొదలుపెట్టి, ఐదు నిమిషాలకోసారి టేబుల్_రోస్ చూస్తున్నాడు. అంకె కదలదు. డేటా సైజు చూశాడు, అదీ కదలదు. దిగుమతి ఆగిపోయిందనుకుని చంపేసి మళ్లీ మొదలుపెట్టాడు. మళ్లీ అదే అంకె. రెండోసారి చంపబోతుంటే నాకు ఫోను చేశాడు. ఆ గణాంకాలను 8.0 ఒకసారి చూసి కాష్‌లో దాచిపెట్టుకుని, గడువు తీరేదాకా ఆ పాతవే చూపిస్తుంది. దాని గడువు డిఫాల్ట్‌గా 86,400 సెకన్లు, అంటే సరిగ్గా ఒక రోజు. ఆ సెషన్లో గడువు సెట్టింగును సున్నా చేయమన్నాను. మళ్లీ చూస్తే అంకె ఎగిరి గంతేసింది. మొదటి దిగుమతి ఎంతవరకు వెళ్లాక దాన్ని చంపాడో అని నేను అడగలేదు, అతనూ చెప్పలేదు.

మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వర్ వాడేవాళ్లను చూస్తే కాస్త అసూయ. పార్టిషన్ (టేబుల్‌ను విడగొట్టిన ముక్క) వారీగా వరుసల సంఖ్య అక్కడ మెటాడేటాలోనే, అంటే టేబుల్ గురించి రాసుకున్న సమాచారంలోనే ఉంటుంది, రోజువారీ అవసరాలకు దాన్ని నమ్మవచ్చు. అసలు వరుసలు ఉండే హీప్‌కో క్లస్టర్డ్ ఇండెక్స్‌కో చెందిన అంకెలనే కూడాలి. అది మరిచి అన్నీ కూడితే ఎన్ని ఇండెక్సులుంటే అన్ని రెట్లు వరుసలు వస్తాయి. అక్కడ కౌంట్ ఇచ్చేది మామూలు పూర్ణాంకం కాబట్టి 2,147,483,647 దాటితే గంటసేపు లెక్కపెట్టి చివర్లో ఓవర్‌ఫ్లో దోషం విసురుతుంది. అంతకన్నా పెద్ద టేబుళ్లకు కౌంట్_బిగ్ వాడాలి. ఇక ఇతరుల తాళాలను పట్టించుకోకుండా చదవమనే నోలాక్ పెట్టి లెక్కపెట్టే అలవాటు. మధ్యలో పేజీలు జరిగితే కొన్ని వరుసలు తప్పిపోతాయి, కొన్ని రెండుసార్లు పడతాయి. టేబుల్ మొత్తం చదివిన ఖర్చూ పెట్టి, వచ్చేది మళ్లీ ఉజ్జాయింపే అయితే మెటాడేటా ఏం పాపం చేసింది?

ఒరాకిల్‌లో నాకు నచ్చేది వరుసల సంఖ్య చెప్పే నమ్_రోస్ పక్కనే లాస్ట్_ఎనలైజ్డ్ అనే తేదీ ఉండటం. అంకె ఎప్పటిదో దానితోనే తెలిసిపోతుంది. నచ్చనిది హై వాటర్ మార్క్. వరుసలన్నీ డిలీట్ చేసిన పెద్ద టేబుల్‌ను లెక్కపెట్టమంటే, ఒకప్పుడు నీరు ఎంతవరకు ఎక్కిందో అంతవరకు ఖాళీ బ్లాకులన్నీ చదివి, నింపాదిగా ‘సున్నా’ అంటుంది. డిలీట్ బదులు టేబుల్‌ను ఒక్కసారిగా ఖాళీ చేసే ట్రంకేట్ వాడి ఉంటే ఆ గుర్తు కిందికి దిగేది.

సైజు సంగతి కాస్త తీరిగ్గా చెప్పుకోవాలి. వరుసల సంఖ్య అడిగేవాళ్లలో ఎక్కువమందికి నిజంగా కావలసింది ఇదే: డిస్కు ఎన్నాళ్లు సరిపోతుంది, బ్యాకప్‌కు ఎంత పడుతుంది, ఏ టేబుల్ ఉబ్బుతోంది. సైజును ఫైళ్ల నుంచి నేరుగా తెలుసుకోవచ్చు కాబట్టి అది చవక. ఏ సైజు అడుగుతున్నామన్నదే చిక్కు.

పీజీ_రిలేషన్_సైజ్ అనే ఫంక్షన్ పేరు చూస్తే టేబుల్ మొత్తం సైజు చెబుతుందనిపిస్తుంది. అది చెప్పేది మూల ఫైలు సైజే. వరుస దాదాపు రెండు కిలోబైట్లు దాటితే పోస్ట్‌గ్రెస్ అందులోని పొడవాటి విలువలను కుదించో, టోస్ట్ అనే వేరే టేబుల్‌కు తరలించో సర్దుతుంది. పత్రాలు దాచే ఒక టేబుల్‌ను చూసి మూడు గిగాబైట్లే కదా అని ఒకసారి నేను ధీమాగా చెప్పాను. దాని టోస్ట్‌లో రెండు వందల గిగాబైట్లున్నాయి. టోస్ట్, ఇండెక్సులు అన్నీ కలిపి కావాలంటే పీజీ_టోటల్_రిలేషన్_సైజ్ అడగాలి. పార్టిషన్లున్న టేబుల్ అయితే ఇది కూడా మాతృ టేబుల్‌కు సున్నా అంటుంది, ఎందుకంటే దాని పేరిట డిస్కులో ఏమీ ఉండదు. 12వ వెర్షన్ నుంచి పీజీ_పార్టిషన్_ట్రీ ఉంది. దానితో పిల్లలందరినీ పిలిచి కూడుకోవాలి. ఇన్నోడీబీలోనైతే డేటా, ఇండెక్సుల సైజులతో పాటు డేటా_ఫ్రీని కూడా చూడండి. లోపల ఎంత ఖాళీ పడి ఉందో అదే చెబుతుంది.

సైజునూ వరుసలనూ పక్కపక్కన పెట్టి చూసే అలవాటు నాకు క్యూ టేబుల్ నేర్పింది. ఇప్పుడు రాత్రిపూట ఒక చిన్న పని నడుస్తుంది. ఒక్క టేబుల్‌ను కూడా చదవకుండా కేటలాగ్ నుంచి అంచనా, సైజు, తేదీ మూడూ తీసి దాచుకుంటుంది. వరుసలు నిలకడగా ఉండి సైజు మాత్రం పెరుగుతుంటే ఎక్కడో ఎవరో లావాదేవీ తెరిచి మరిచిపోయారని మొదటి అనుమానం. ఇంతకుముందు ఇదే పనికి టేబుల్ తర్వాత టేబుల్‌గా కౌంట్ స్టార్ కొట్టే స్క్రిప్టు ఉండేది. రాసింది నేనే.

“మరి కచ్చితమైన లెక్క ఎప్పుడూ అక్కరలేదా?” అంటారు. ఎందుకు అక్కరలేదు? డబ్బు లెక్కలు సరిచూసేటప్పుడు, ఒక డేటాబేస్ నుంచి ఇంకోదానికి డేటా తరలించినప్పుడు ఉజ్జాయింపు చెల్లదు. అప్పుడు కూడా టేబుల్‌ను ఒక్క గుక్కలో మింగనక్కరలేదు. వరుసను గుర్తించే కీ ప్రకారం ముక్కలు చేసి, ముక్కకో చిన్న క్వెరీగా లెక్కపెడితే మధ్యలో ఆపవచ్చు, మళ్లీ కొనసాగించవచ్చు. వాక్యూమ్‌కు కూడా మధ్యలో ఊపిరి ఆడుతుంది. గడిచిపోయిన నెలల పార్టిషన్లలో ఇక ఎవరూ రాయకపోతే వాటిని ఒకసారి లెక్కపెట్టి రాసి పెట్టుకుంటే చాలు. తరలింపులో అయితే ముక్కకో చెక్‌సమ్ (లోపలి డేటా నుంచి లెక్కగట్టే సరిచూపు అంకె) కూడా తీయాలి. రెండు వైపులా సంఖ్య సమానమైనంత మాత్రాన లోపలి డేటా సమానం కాదు.

“రెప్లికా (అసలు సర్వర్‌కు నకలుగా నడిచే సర్వర్) మీద లెక్కపెట్టుకోవచ్చు కదా” అనేది తరచూ వినిపించే సలహా. పెట్టుకోవచ్చు. కానీ పోస్ట్‌గ్రెస్‌లో అసలు సర్వర్ నుంచి వచ్చే మార్పులకు అడ్డొచ్చిన క్వెరీని రెప్లికా డిఫాల్ట్‌గా 30 సెకన్లే ఓపిక పట్టి రద్దు చేయవచ్చు. అలా రద్దు కాకుండా హాట్_స్టాండ్‌బై_ఫీడ్‌బ్యాక్ ఆన్ చేస్తే, మీ పాత దృశ్యం సంగతి అసలు సర్వర్‌కు చేరి, అక్కడి వాక్యూమ్ మళ్లీ చేతులు కట్టుకుని నిలబడుతుంది. నా క్యూ కథ రెండో అంకం అన్నమాట.

ప్రతి క్షణం కచ్చితమైన సంఖ్య కావలసిన అరుదైన చోట కౌంటర్ కట్టుకోవాల్సిందే. ఒకే వరుసలో పెడితే ఆ గుమ్మం దగ్గర తోపులాట తప్పదు కాబట్టి, ప్రతి లావాదేవీ తన వంతు ‘ప్లస్ మూడు’, ‘మైనస్ ఒకటి’ అని విడి వరుసలుగా రాసి పోతే, మరో పని వాటిని అప్పుడప్పుడు కూడి ఒకటిగా మడిచేస్తుంది. చదివేటప్పుడు ఉన్నవన్నీ కూడుకోవడమే.

వెతుకులాట ఫలితాల పేజీలో ‘3,48,21,907లో 1 నుంచి 20’ అని చూపించడం మీద నాకు ఇంకో కోపముంది. కోట్ల చివర ఆ ఏడు ఎవరికి కావాలి? వెయ్యిన్నొక్క వరుసల దగ్గర ఆగిపోయే లిమిట్ పెట్టి లెక్కపెట్టండి. అంతా వస్తే ‘వెయ్యికి పైగా’ అని చూపించండి. షరతులతో ఉజ్జాయింపు కావాలంటే క్వెరీని నడపకుండా ప్రణాళిక మాత్రం చూపే ఎక్స్‌ప్లెయిన్ కొట్టి ప్లానర్ అంచనాను తీసుకోవచ్చు. అయితే దేశం, కరెన్సీ లాంటి ఒకదానికొకటి ముడిపడిన రెండు కాలమ్‌ల మీద షరతులు పెడితే అది రెండింటినీ వేర్వేరుగా ఊహించి తక్కువ చెబుతుంది.

పోస్ట్‌గ్రెస్ వాక్యూమ్ ఊడ్చిన చోటును అదే టేబుల్‌కు మళ్లీ వాడుకోనిస్తుంది గాని, చాలాసార్లు డిస్కుకు తిరిగి ఇవ్వదు. అందుకే ఆ క్యూ టేబుల్ మరునాటికి కూడా రెండు గిగాబైట్ల దగ్గరే ఉంది. రద్దీ లేని వేళ చూసి వాక్యూమ్ ఫుల్ నడిపాం. అది టేబుల్‌కు పూర్తి తాళం వేస్తుంది కాబట్టి గోళ్లు కొరుక్కుంటూ కూర్చున్నాను. కొత్త ఫైలులోకి మోయవలసినవి మూడు వందల వరుసలే కనుక కొన్ని సెకన్లలో ముగిసింది. పెద్దాయన కొత్త ఇండెక్స్ ఆ వారమే వేశారు, డిస్కులో హాయిగా పట్టింది. ఈవెంట్ల టేబుల్‌లో ఆ మధ్యాహ్నం ఎన్ని వరుసలున్నాయో మాత్రం నాకు ఇప్పటికీ తెలియదు. ఆ తర్వాత ఎవరూ అడగలేదు కూడా.